పోసినవాడే ముందు తాగాలి

నైజీరియాలోని అబా ఊళ్లో బస్సు దిగేటప్పటికి ఏజెంట్ ఒక్వుదిలి దగ్గరున్న సరుకు ఇంతే: విటమిన్ల వ్యాపారినని చెప్పే నకిలీ కార్డు, చొక్కా బొత్తాంలో కెమెరా, చిన్న అయోడిన్ సీసా, యాభై ఆరేళ్ల మోకాళ్లు. మోకాళ్లు తప్ప మిగతావన్నీ ప్రభుత్వానివి.

ముందురోజు లాగోస్‌లో పై అధికారి బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"నానో వెండి పొడి చేసే ఫ్యాక్టరీ. నాలుగు వందల మంది కార్మికులు. రూలోఫ్ అనే విదేశీ డాక్టర్ యాంటీఆక్సిడెంట్ మాత్రలు అమ్ముతున్నాడు. అవి మింగితే ఆ పొడి పీల్చినా ఊపిరితిత్తులకు ఏమీ కాదట. రేపు పన్నెండుకి యజమాని సంతకం పెడితే మాస్కులు తీసేస్తారు."

"మాత్రలమ్మడం నేరమా సార్?"

"వాడి ముఠా ఎలుకల మీద పరీక్ష ముగించింది. ఇప్పుడు మనుషులు కావాలి, వాళ్లకు చెప్పకుండా. మాత్రలు నకిలీవని రుజువు చెయ్."

ప్రపంచాన్ని కాపాడే పని ఎప్పుడూ భోజనం వేళకే పడుతుందని ఒక్వుదిలికి ఇరవై ఏడేళ్ల అనుభవం.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎర్రగౌనులో ఇబినాబో నిలబడి ఉంది. రూలోఫ్ సెక్రటరీ. రహస్యంగా మన మనిషి. అంతకన్నా రహస్యంగా ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"ఎండుచేప ఎలా ఉంది?"

"ఉప్పెక్కువ. కొనకు." కోడ్ కుదిరింది. ఆమె అతని చేతిలో ఒక మాత్ర పెట్టింది. "ఇంకా రిటైర్ కాలేదా ముసలోడా?"

"నువ్వింకా ఏ పక్షమో తేల్చుకోలేదా పిల్లా?"

"రెండు వైపులా జీతం వేళకొస్తోంది. తొందరేముంది?"

క్యాంటీన్‌లో కర్రపెండలం గంజి అడిగి తెచ్చుకుని అయోడిన్ చుక్క వేశాడు. నల్లనీలం రంగు తిరిగింది. మాత్రలో అసలైన విటమిన్ సి ఉంటే ఆ రంగు విరిగిపోవాలి. నకిలీదైతే అలాగే ఉండాలి. మాత్రను నలిపి కలిపాడు.

రంగు విరిగిపోయింది.

మాత్ర అసలుదే! తెచ్చిన సరుకంతా దండగ. గడియారంలో పదకొండూ యాభై.

ఒక్వుదిలి ఫ్యాక్టరీ హాల్లోకి వెళ్లి కార్మికుల మధ్య కూర్చునేసరికి, యజమాని ఒబియోరా పెన్ను మూత తీశాడు.

"మా ఎలుకలన్నీ బతికాయి," అన్నాడు రూలోఫ్.

"మాకు తోకలేవి దొరా?" వెనకనుంచి ఒక కార్మికురాలు అరిచింది. హాలు గొల్లుమంది.

చేతిలో సరుకు లేనప్పుడు వ్యాపారికి మిగిలేది నోరే. ఒక్వుదిలి లేచాడు.

"అయ్యా, మనిళ్లలో చుట్టానికి కల్లు పోస్తే మొదటి గుక్క ఎవరిది?"

"పోసినవాడిదే! విషం లేదని చూపించాలిగా!" అంది హాలంతా.

"అయితే డాక్టర్‌గారు మాత్ర మింగి, మాస్కు లేకుండా పొడిగదిలో పది నిమిషాలు నిలబడాలి. అప్పుడు సంతకం పెట్టండి."

పెన్ను కాగితాన్ని తాకి ఆగింది. సిరా చుక్క ఊరింది.

"తాగు డాక్టర్," అన్నాడు ఒబియోరా.

రూలోఫ్ నవ్వుతూ రెండు మాత్రలు మింగాడు. పొడిగది తలుపు తెరుచుకుంది. అతని చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్లి, రెండు వడపోతల మాస్కు ఒకటి బయటికి తీసింది. ఫ్యాక్టరీ మొత్తంలో అంత ఖరీదైనది లేదు. బొత్తాం కెమెరా క్లిక్‌మంది.

"అదిలా ఇవ్వండి డాక్టర్, మీకు మాత్రలున్నాయిగా," అంటూ ఇబినాబో చెయ్యి చాచింది. రెండో చేత్తో, ఎవరి రక్తం ఏ రోజు తియ్యాలో రాసిన నాలుగు వందల పేర్ల ఫైలు ఒక్వుదిలికి అందించింది.

ఒబియోరా పెన్నుకు మూత పెట్టేశాడు.

సాయంత్రానికి తేలింది ఇది: రూలోఫ్ పోలీసు జీపులో, నాలుగు వందల మాస్కులు ముఖాల మీద, దిక్కులేని మాత్రలు పదమూడు పెట్టెల్లో. ఒక డబ్బా ఒక్వుదిలి జేబులో వేసుకున్నాడు, మోకాళ్లకేమైనా పనిచేస్తాయేమోనని.

చెయ్యలేదు.