సూటర్ల బైబిల్లో పోయిన పేజీ

"నేను తీయలే మేడం. మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు పాండురంగం, కుర్చీలో కూర్చోకుండానే.

ఎడిన్‌బర్గ్‌లో ప్రైవేటు డిటెక్టివ్ నిర్మలాదేవి ఆఫీసంటే ఆమె ఫ్లాట్‌లోని ముందుగది. గుంటూరు నుంచి మాస్టర్స్‌కి వచ్చి, ఆమె దగ్గర పార్ట్‌టైమ్‌గా చేరిన లాస్య మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేశాక గానీ అతని నోట మాట సరిగ్గా రాలేదు.

అతనిది వరంగల్. ఆర్చీ సూటర్ అనే ముసలాయన బూట్ల దుకాణానికి మేనేజరు. ఆ దుకాణం ఒక పాత ట్రస్టుది. సూటర్ల రక్తంలో పుట్టినవాళ్ళు బూట్ల పని చేస్తున్నంతకాలం అది వాళ్ళకే ఉండాలని పత్రం. కొత్తగా వచ్చిన ట్రస్టు లాయరు ఇసోబెల్ కెర్ రుజువు అడిగింది. రుజువంటే ఇంటి బైబిల్. పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ తరతరాలుగా అందులోనే చేత్తో రాసుకుంటూ వచ్చారు. ఆమె ఎదుటే బీరువా తెరిచి చూస్తే ఒక కాగితం లేదు. బీరువాకు తాళంచెవులు రెండే. ఒకటి ముసలాయన దగ్గర, ఇంకొకటి పాండురంగం దగ్గర.

"ఆయన నీ పేరు చెప్పాడా?"

"చెప్పలే. నేను కాదని గూడ చెప్పలే. సప్పుడు చేయక కూసున్నడు. ఆ లాయరమ్మనే పోలీసులకు ఫోన్ చేసింది. నాకు ఈడ పర్మనెంటుగ ఉండే సెటిల్‌మెంట్‌కి ఇంక నాలుగు నెల్లే మేడం. కేసు పడ్డదంటే ఐదేండ్ల కష్టం నీళ్ళల్ల పోసినట్టే. నా భార్య మనస్వినికి ఏడో నెల."

లాస్య నిర్మలాదేవి వైపు చూసింది. ఆంటీ చెయ్యేస్తే ముడి విడిపోవాల్సిందేనని ఆ పిల్ల నమ్మకం.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి దుకాణానికి వెళ్ళారు. ఎనభై ఏళ్ళ ఆర్చీ వాళ్ళకు టీ ఇచ్చాడు. కప్పు సాసరు మీద గలగలలాడింది.

"సూటరంటే ఏమిటో తెలుసా?" అన్నాడు గర్వంగా. "మా పాత భాషలో బూట్లు కుట్టేవాడు. రొట్టెలు కాల్చినవాళ్ళు బాక్‌స్టర్లు, బట్టలు నేసినవాళ్ళు వెబ్‌స్టర్లు. ఇవాళ బాక్‌స్టర్లలో ఎంతమందికి పిండి కలపడం వచ్చు? మేం మాత్రం పేరూ వదల్లేదు, పనీ వదల్లేదు."

"పాండురంగానికి నేర్పారా?"

"మెషీను, జిగురు పని, తాళంచెవులు చెయ్యడం. అవి చాలు. చేతికుట్టు సూటర్లకే. మా నాన్న పెట్టిన కట్టుబాటు అది."

తోలుకు చిల్లులు పొడిచే ఆరె ఒకటి గోడ మేకుకు వేలాడుతోంది. దాని పిడి ఎన్ని చేతుల్లో నలిగిందో, అద్దంలా మెరుస్తోంది. నిర్మలాదేవి బైబిల్ తీయించి, కాగితాలు కుట్టిన వెన్ను దగ్గర వేలితో తడిమి చాలాసేపు చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆర్చీ తాత కుట్టిన బూట్ల జత ప్రదర్శనకు ఉంది. "ఎవరూ తొడగని బూటుకి కొత్త దారమెందుకు లాస్యా?" అంది మెల్లగా. లాస్య నోట్‌బుక్‌లో రాసుకుంది.

మధ్యాహ్నానికి ఇసోబెల్ కెర్, పాండురంగం కూడా వచ్చారు. నిర్మలాదేవి బైబిల్ను బల్ల మీద తెరిచింది.

"దొంగకు కావాలంటే బైబిల్ మొత్తం పట్టుకుపోతాడు, లేదా కాగితం చింపుకుపోతాడు. ఇక్కడ కోసిన మనిషి, అదే మడతలో అవతలున్న జంట కాగితం ఊడిపోతుందని కూర్చుని మైనం దారంతో మళ్ళీ కుట్టాడు. పుస్తకమంటే ప్రాణమున్నవాడే అంత ఓపిక పడతాడు. ఇది చేతికుట్టు, పాండురంగానికి రాదు. మొదటి చిల్లులు తీర్చినట్టున్నాయి, చివరివి వంకరపోయాయి. పని తెలిసిన చెయ్యే. కాకపోతే వణికే చెయ్యి."

ఆర్చీ చేతులు రెండూ ఏప్రన్ కింద దాచుకున్నాడు.

"ఆ కాగితం కాల్చడానికి మనసు రాలేదు కదూ?" అంటూ ఆమె కిటికీలోంచి ఎడమకాలి బూటు తెచ్చి బల్ల మీద పెట్టింది. పాండురంగం కత్తితో ఆ కొత్త దారం తెంపి అడుగు విప్పాడు. లోపల మడత పెట్టిన కాగితం ఉంది. ఇసోబెల్ చదివింది.

"1889. అనాథాశ్రమం నుంచి విలియమనే తొమ్మిదేళ్ళవాణ్ణి తెచ్చుకున్నాను. తండ్రి పేరు తెలియదు. 1896. ఈ రోజు తొలి జత సొంతంగా కుట్టాడు. నా ఆరె వాడికిచ్చాను. ఇకనుంచి వాడూ సూటరే."

"ఆ విలియమే మా తాత" అన్నాడు ఆర్చీ. "ఇన్నేళ్ళూ రక్తం, రక్తం అని అరిచాను. నువ్వు పోలీసుల ముందు నిలబడ్డప్పుడు కూడా నోరు విప్పలేదు. సిగ్గేసింది, పాండూ."

"ఆ పేరు పుట్టిన రోజుల్లో రక్తంతో పనేముంది?" అంది నిర్మలాదేవి. "ఎవరు కుడితే వాళ్ళే సూటరు. మీ తాత ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నాడు."

ఇసోబెల్ కాగితం మడిచింది. "అది నాకూ తెలుసు. కానీ ట్రస్టు పత్రంలో రక్తమనే ఉంది, దాన్ని మార్చే అధికారం నాకు లేదు. పాండురంగం తప్పు లేదని పోలీసులకు ఇవాళే చెబుతాను. దుకాణం మాత్రం ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

గెలిచామని అప్పుడే పొంగిపోయిన లాస్య నోట్‌బుక్ మూసేసింది. దుకాణం పోతే పాండురంగానికి వీసా స్పాన్సర్ పోయినట్టే. ఆపైన దేశం వదలడానికి అరవై రోజులు, అంతే. "ఆంటీ, ఏదో ఒకటి చెయ్యండి" అంది ఏడుపు గొంతుతో.

"నిజం కనుక్కోవడం వరకే నాకు చేతనయింది లాస్యా" అంది నిర్మలాదేవి. ఇన్నాళ్ళలో ఆంటీ ముఖం అలా వాడిపోవడం లాస్య ఎప్పుడూ చూడలేదు. చూడకపోయినా బాగుండేదనిపించింది.

ఆర్చీ లేచి మేకు మీది ఆరె తీశాడు. దాన్ని పాండురంగం చేతిలో పెట్టాడు. "ఇది నీకు ఎప్పుడో ఇవ్వాల్సింది. రా, చూపిస్తాను." తోలుముక్క తీసుకుని సూది పట్టాడు. మూడుసార్లు ప్రయత్నించినా చిల్లులోకి సూది పోలేదు.

పాండురంగం ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "సర్, ఒక జత సొంతంగా కుట్టాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆర్చీ బల్ల మీది కాగితం వైపు చూశాడు.

"ఏడేళ్ళు."

పాండురంగం తలూపాడు. ఆరెను చొక్కా అంచుతో ఒకసారి తుడిచి, తిరిగి మేకుకు తగిలించాడు. జేబులోంచి బీరువా తాళంచెవి తీసి ఇసోబెల్ ముందు పెట్టాడు.