త్రినాథ్ ఉన్నంతసేపే సిగ్నల్

"మీరేటి మంత్రగాళ్లా? మీరుంటే వస్తాది, మీరెళ్తే పోతాది!"

గుమ్మంలోనే త్రినాథ్‌ని నిలదీసింది సుహాసిని. పాపం, అతనింకా కేబుల్ ఆఫీసు బ్యాగు భుజం మీంచి దించనైనా లేదు. బొబ్బిలిలోని ఈ ఇంటికి ఈ వారంలో ఇది నాలుగో రాక. అతనున్నంతసేపూ పెరటి కొట్టులో వైఫై చక్కగా పనిచేస్తుంది. బండి వీధి మలుపు తిరిగిందో లేదో, పోయిందంటూ ఫోన్ వస్తుంది.

"మళ్లీ మళ్లీ రావడానికి ఏదో సేస్తన్నారు కదూ?"

"అమ్మతోడు, నేనేటీ సెయ్యలేదండీ!"

రావాలని ఉన్న మాట మాత్రం నిజం. అది ముఖంలో తెలిసిపోతుందేమోనని తల దించుకుని, పెరటి వైపు కిటికీలో ఉన్న రౌటర్ దగ్గరికి నడిచాడు.

పదకొండింటికి ఆమెకి ఇంటి నుంచి చేసే ఉద్యోగం కోసం హైదరాబాదు కంపెనీతో వీడియో ఇంటర్వ్యూ. పంచలో తండ్రి సోములు వీణలు చెక్కే చప్పుడుకి ఇంట్లో మాట వినపడదు. అందుకే పెరట్లో చెక్కలు దాచుకునే కొట్టులో బల్ల వేసుకుంది. పని చేయబోయే చోటు నుంచే మాట్లాడాలని కంపెనీ షరతు. ఇప్పటికి రెండుసార్లు మధ్యలో తెగింది. ఈసారీ తెగితే హైదరాబాదొచ్చి చేరాల్సిందేనన్నారు.

"ఎళ్తే ఎళ్తాను, ఏటైపోద్ది?" అంది గానీ పంచ వైపు దిగులుగా చూసింది. ఆ మాటకి ఆమెకంటే త్రినాథే ఎక్కువ కంగారుపడ్డాడు.

"నిలబడిపోనావేటి బాబూ, కూకో," అంది నాయనమ్మ బుల్లమ్మ. కిటికీ దగ్గర స్టూలు మీదున్న అన్నం వండే పెద్ద అల్యూమినియం డేసా దించి, కొంగుతో దుమ్ము తుడిచి, స్టూలు అతని ముందుకు జరిపింది.

రీసెట్ చేశాడు, వైరు మార్చాడు, వైఫై ఛానల్ మార్చాడు. కొట్టులో సిగ్నల్ నిండుగా వచ్చింది.

"ఇంటర్వ్యూ అయ్యేదాకా కదలకండి!" అని ఆర్డరేసి పరిగెత్తింది సుహాసిని.

పదకొండూ పది. వాన మొదలైంది. ఆఫీసు నుంచి ఫోనొస్తే, మాట్లాడదామని త్రినాథ్ వీధి అరుగు మీదికి వెళ్లాడు. రెండు మాటలైనా కాలేదు, పెరట్లోంచి కేక.

"పోయింది!"

పరుగున లోపలికొచ్చాడు. స్టూలు మళ్లీ కిటికీ దగ్గరుంది. దాని మీద డేసా, సరిగ్గా రౌటర్‌కి అడ్డంగా!

"ఎలిపోనావనుకున్నాను బాబూ, అందుకే సర్దేసినాను," అంది బుల్లమ్మ.

త్రినాథ్ డేసాని లాక్కుని వానలోనే పెరట్లోకి ఉరికాడు. మళ్లీ ఎవరూ అడ్డం పెట్టకుండా దాన్ని వాటేసుకుని కొట్టు బయట నిలబడ్డాడు. లోపల ఆమె మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఇక్కడే ఉద్యోగం ఇస్తారా, హైదరాబాదు రమ్మంటారా? అరగంట అతనికి ఒక యుగమైంది.

తలుపు తెరుచుకుంది.

"నిమిషమే పోయింది, పర్లేదన్నారు. సోమవారం నుంచి ఇక్కడే పని!" అని ఆగిపోయింది. "తడిసిపోయారు. ఆ డేసా ఏటి?"

తనకి స్టూలు వేసినప్పుడల్లా డేసా అడ్డు తొలిగేదని, తను వెళ్లగానే మళ్లీ అడ్డొచ్చేదని చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వింది.

"రోగం దొరికిందండి," అన్నాడు నీరసంగా. "ఇంక నేను రావక్కర్లేదు."

"రౌటర్ కోసం అక్కర్లేదు."

"మరి?"

"అన్నీ నేనే సెప్పాలా?"

"మీరెళ్లిపోతారని బెంగెట్టుకున్నానండి. నాకు మీరంటే చాలా ఇష్టం," అనేశాడు గబగబా.

సుహాసిని నవ్వు ఆగింది, బుగ్గలు ఎరుపెక్కాయి. వెనక గుమ్మంలో బుల్లమ్మ గొంతు సవరించుకుంది.

"ఆదివారం మీ అమ్మని తీసుకురా బాబూ. పెద్దోళ్లం మాటాడుకుంటాం."

"ఎన్ని గంటలకి రమ్మంటారు?" అన్నాడు త్రినాథ్ ఆత్రంగా.