బ్యాటరీకి తలంటు

"బాగా రుద్దవే అమ్మడూ! పండగ పూట పనిముట్ల మీద మురికి ఉండకూడదు," అని అరుగు మీద నుంచి సంపూర్ణమ్మ మామ్మ కేకేసింది.

"రుద్దుతున్నాను మామ్మా!" అంది సాయిదుర్గ.

ఆ రోజు మహర్నవమి. ఇంట్లో ఆయుధపూజ. సాయిదుర్గ వాళ్ళ నాన్న గణేష్‌బాబు మొగల్తూరు చుట్టుపక్కల ఇళ్ళకి తలుపులు, దోమల మెష్‌లు బిగిస్తాడు. ఆయన సామాను కడిగే పని ఈ ఏడు సాయిదుర్గ తీసుకుంది. తీసుకోవడమేంటి, తగువు పెట్టుకుని మరీ లాక్కుంది. అయిదో తరగతికి వచ్చింది కదా, ఆ మాత్రం గొప్ప ఉండదూ!

సుత్తి కడిగింది. పటకారు కడిగింది. స్క్రూడ్రైవర్లన్నీ తళతళలాడించింది. డ్రిల్లు మిషన్‌ని మాత్రం నాన్న తానే పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టుకున్నాడు. దాని బ్యాటరీ ఒక్కటి సంచిలో ఉండిపోయింది.

నల్లటి బ్యాటరీ. నిండా చెక్కపొట్టు, దుమ్ము. సాయిదుర్గ దాన్ని తలకిందులుగా బకెట్లో ముంచింది. సబ్బు పెట్టి బ్రష్షుతో తోమి, మళ్ళీ ముంచింది. పైకి తీస్తే సందుల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. లోపల గలగలమంది.

సాయిదుర్గ నాలుక్కరుచుకుంది. పోయిన వారం నరసాపురంలో విన్న మాటలు అప్పుడు గుర్తొచ్చాయి.

ఆ బ్యాటరీ పాతదైపోయి, ఒక్క తలుపు బిగించేలోపే నీరసపడిపోయేది. నాన్న దాన్ని రిపేరు షాపు చలపతిగారికిచ్చాడు. ఆయన లోపలి పాత సెల్స్ తీసేసి కొత్తవి వేశారు. ఇచ్చేటప్పుడు, "నీళ్ళు తగలనివ్వకండి గణేష్‌బాబు గారూ. ఒకవేళ తడిస్తే చార్జింగ్ మాత్రం పెట్టకండి. వేడెక్కి అంటుకున్నా అంటుకుంటుంది," అని చెప్పారు. సాయిదుర్గ పక్కనే ఉంది. కానీ ఆవిడగారి ధ్యాసంతా ఎదురు బడ్డీలోని గోళీసోడా మీద ఉంది!

ఇప్పుడేం చెయ్యాలి? నాన్నకి చెబితే? అమ్మో!

గబగబా తువ్వాలుతో తుడిచింది. గోడ మీద ఎండలో పెట్టింది. తర్వాత దానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మిగతా సామాను మధ్యలో దేవుడి ముందు పెట్టేసింది. "ఆరిపోతుందిలే," అని తనకి తానే చెప్పుకుంది.

పూజయ్యాక గణేష్‌బాబు బ్యాటరీకేసి ముచ్చటగా చూశాడు. "పెదబాబు గారి కొత్తింటికి ఇంకా కరెంటివ్వలేదు. గృహప్రవేశం దగ్గరికొచ్చేసింది. తలుపులన్నీ దీంతోనే బిగించాలి," అన్నాడు.

సాయిదుర్గ పులిహోర ముట్టుకోకుండా అలాగే వదిలేసింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా? దిష్టి గానీ తగిలిందా?" అని అమ్మ ఉమాశ్రీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏం లేదమ్మా."

పూజలో పెట్టిన సామాను దశమి దాకా ఎవరూ ముట్టుకోరు. హమ్మయ్య అనుకుంది సాయిదుర్గ. కానీ ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. ఎటు వెళ్ళినా కళ్ళు ఆ నల్లటి బ్యాటరీ మీదికే పోతున్నాయి. "దుర్గమ్మ తల్లీ, దాన్ని ఆరిపోయేలా చూడమ్మా," అని దణ్ణం పెట్టుకుంది పాపం.

దశమి నాడు మధ్యాహ్నం గణేష్‌బాబు సామాను తీశాడు. బ్యాటరీ మీది పసుపు తుడిచి చార్జర్‌లో పెట్టాడు. ప్లగ్గు పెట్టే చోటు మామ్మ మంచం తలాపునే ఉంది. మామ్మ చిన్నగా గురక పెడుతోంది. నాన్న చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళింది.

"నాన్నా! వద్దు! వెయ్యొద్దు!"

ఆ అరుపుకి మామ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఏంటమ్మా?" అన్నాడు గణేష్‌బాబు.

"దాన్ని కడిగేశాను నాన్నా. నీళ్ళల్లో ముంచేశాను. లోపల నీళ్ళున్నాయి."

గణేష్‌బాబు చటుక్కున బ్యాటరీని లాగి, వీధిలోకి తీసుకెళ్ళి సిమెంటు గచ్చు మీద దూరంగా పెట్టాడు. వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. సాయిదుర్గ తలొంచుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆయన కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

"తిట్టవా నాన్నా?"

"తిడతాను. ముందు నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీ," అన్నాడు. తల నిమురుతూ, "సామానంతా కడగమన్నాను గానీ, దీన్ని కడక్కూడదని నేనూ చెప్పలేదు కదే," అన్నాడు.

అంతే! సాయిదుర్గ భోరుమంది. నిన్నటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. ఏడ్చాక ప్రాణం ఎంత తేలికపడిందో! ఇంట్లోకి వెళ్ళి చల్లారిన పులిహోర గిన్నెడు తినేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బండి మీద నరసాపురం వెళ్ళారు. చలపతిగారు బ్యాటరీ అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎలా తడిసిందండి?"

"ఏదో పొరపాటున, కాస్త చెమ్మ తగిలిందండి," అని గణేష్‌బాబు నసిగాడు. పిల్లని నలుగురిలో చిన్నబుచ్చడం ఆయనకి ఇష్టం లేదు.

సాయిదుర్గ ముందుకొచ్చింది. "కాస్త కాదండి. నేనే బకెట్లో ముంచాను. తలకిందులుగా. సబ్బు పెట్టి తోమాను కూడా. చార్జర్‌కి తగిలే ఆ రేకులకి పసుపు కూడా రాశానండి."

చలపతిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఓహో, తలంటు పోశావన్నమాట! చెప్పడం మంచిదైంది. సబ్బు పెట్టావంటే లోపలి సర్క్యూట్ బోర్డంతా విప్పి చూడాలి."

అట్టపెట్టె తెరిచినట్టు దాన్ని తెరిచారు. ఒక్కో సెల్‌నీ మీటరుతో చూస్తున్నంతసేపూ తండ్రీకూతుళ్ళు గుడ్లప్పగించి నిలబడ్డారు.

"సెల్స్‌కేం కాలేదండి. ఈ చిన్న బోర్డే పాడైంది. మార్చేస్తాను."

"హమ్మయ్య!" ఇద్దరూ ఒకేసారి అనేశారు. చలపతిగారు ఫక్కున నవ్వారు.

కొత్త బోర్డు వేసి, తన దగ్గరున్న చార్జర్‌కే పెట్టి చూశారాయన. పచ్చదీపం వెలిగింది. వెంట తెచ్చిన డ్రిల్లుకి తగిలించి మీట నొక్కితే గిర్రున తిరిగింది. పెదబాబు గారి తలుపులకి ఇంక ఢోకా లేదు. గణేష్‌బాబు కూతురికి గోళీసోడా కొట్టించాడు.

తిరుగు దారిలో చల్లగా గాలి వేస్తోంది. గణేష్‌బాబు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన అంత హుషారుగా ఉన్నప్పుడు ఇంకో మాట చెప్పడానికి ఎవరికి మనసొస్తుంది?

సాయిదుర్గ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "నాన్నా, బండి ఒకసారి ఆపవా?"

"ఏమ్మా?"

"మన చార్జర్ ఉంది కదా, డిక్కీలో. దాన్నీ తడిగుడ్డతో తుడిచాను. ముంచలేదు, ఒట్టు. తుడిచానంతే."

గణేష్‌బాబు వెనక్కి తిరిగి కూతురి మొహంలోకి చూశాడు. "ఇంకేమైనా ఉందా తల్లీ?"

"ఇంకేం లేదు నాన్నా. అంతా చెప్పేశాను."

గణేష్‌బాబు పకపకా నవ్వి, బండిని మళ్ళీ నరసాపురం వైపు తిప్పాడు.