సాక్సు తొడుక్కున్న కత్తి

వంట మాస్టారు ఎనిమిదో ఉల్లిపాయ కోస్తున్నాడు. తూనీగ వాళ్ళమ్మ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చేతినే చూస్తోంది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎవరైనా తొంగి చూస్తే ఆ ఇంట్లో ఏదో ఘోరం జరిగిందనుకుంటారు.

నిజానికి అక్కడ జరుగుతున్నది కత్తికి కొలత తీసుకోవడం. అమ్మ వంటింటి కత్తులు చేస్తుంది. ఇంటి వెనక షెడ్డులో ఆమె కొలిమి, గ్రైండరు, రకరకాల చెక్కముక్కలు ఉంటాయి. కొట్లో దొరికేవాటిలా అన్నీ ఒకేలా చేయదు. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళకి చేస్తుంది. అందుకే ఎవరు వచ్చినా ముందు ఒక పాత కత్తి, నాలుగు ఉల్లిపాయలు ఇచ్చి కొయ్యమంటుంది. పది నిమిషాలు కదలకుండా చూస్తుంది. ఆ తర్వాతే కార్డు మీద బొమ్మ గీస్తుంది. వంట మాస్టారు చెయ్యి మరీ వేగం కాబట్టి ఆయనకు నాలుగు సరిపోలేదు.

"అమ్మా, ఇంకెంతసేపు?" గుమ్మంలో ఒంటికాలి మీద గెంతుతూ తూనీగ అడిగింది.

"నీకేం తొందర? కోస్తున్నది నువ్వు కాదుగా," అంది అమ్మ, చూపు తిప్పకుండా.

తూనీగకి పదేళ్ళు. అసలు పేరు వేరే ఉంది కానీ, అది బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఒక్కచోట కాలు నిలవదని నానమ్మ పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఆ రోజు తొందరకి కారణం కూడా నానమ్మే.

నానమ్మ వేళ్ళ కీళ్ళు వాచి బిగుసుకుపోయాయి. పోయిన నెల ఆమె చేతిలోంచి కత్తి జారి, పాదానికి బెత్తెడు దూరంలో పడింది. నాన్న హడలిపోయాడు. "అమ్మా, ఇక నువ్వు కత్తి ముట్టుకోవద్దు. కూరలు నేను కోస్తాను," అన్నాడు. అన్నమాట ప్రకారం కోస్తున్నాడు కూడా. ఒక క్యారెట్ ముక్క ఇటుకంత, ఇంకొకటి గోరంత. ఒకే గిన్నెలో సగం మాడుతుంది, సగం పచ్చిగా ఉంటుంది. పాపం, కష్టపడుతున్నాడు కదా అని ఎవరూ ఏమీ అనరు.

నానమ్మ కూడా ఏమీ అనలేదు. కానీ పొద్దున్నే వంటింట్లో కబుర్లు చెబుతూ కూరలు కోసే మనిషి, ఇప్పుడు హాల్లో కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. అది తూనీగకి అస్సలు నచ్చలేదు. నానమ్మని మళ్ళీ వంటింట్లోకి తీసుకురావాలి. అంతే.

వంట మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళగానే మాట బయటపెట్టింది. "అమ్మా, నానమ్మకి జారని కత్తి చేద్దాం. బొమ్మ నేను గీస్తాను."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "గియ్యి. నాన్నకి నేను చెబుతాను. కానీ పద్ధతి తెలుసుగా? నానమ్మని కూర్చోబెట్టి ఉల్లిపాయ కోయించు. పది నిమిషాలు చూడు. పెన్సిలు ఆ తర్వాతే."

"నానమ్మ చెయ్యి నాకు తెలియదా ఏంటి? రోజూ పట్టుకుని నడుస్తాను."

"నడిచే చెయ్యి వేరు, కోసే చెయ్యి వేరు," అంది అమ్మ.

పది నిమిషాలు. అదీ కదలకుండా. తూనీగ ఒకసారి హాల్లోకి వెళ్ళి చూసింది కూడా. నానమ్మ కునుకు తీస్తోంది. లేపడం ఎందుకులే అనుకుంది. లేచి ఉన్నా ఇంకేదో వంక దొరికేదే, అది వేరే సంగతి. తన చేతినే కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, దాన్ని కాస్త పెద్దది చేసింది. పిడి కింద నాలుగు వేళ్ళకి నాలుగు గుంటలు పెట్టింది. వేళ్ళు గుంటల్లో కూర్చుంటే కత్తి ఎలా జారుతుంది? చివర ఒక తూనీగ బొమ్మ చెక్కాలని కూడా రాసింది.

అమ్మ కార్డు అందుకుని గుంటల దగ్గర ఆగింది. "ఇవి నానమ్మకి సరిపోతాయంటావా? కోస్తుంటే చూశావా?"

"చూశాను," అంది తూనీగ. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చేసిందో ఆమెకే తెలియలేదు.

ఆ షెడ్డులో ఒక రూలు ఉంది. చేతిని చూసినవాళ్ళ మాటే చెల్లుతుంది. అమ్మ ఇంకేమీ అడగలేదు. మూడు రోజులు కూర్చుని ఉక్కు సాగగొట్టింది, పదును పెట్టింది, పిడి చెక్కింది. తూనీగ ఆ పిడిని గరుకు కాగితంతో నున్నగా రుద్దింది.

నానమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, తూనీగ బొమ్మని బొటనవేలితో నిమిరింది. "నా బంగారు తల్లీ, ఇంత అందమైన కత్తి నా జన్మలో చూడలేదే," అంది. అందరి ముందూ ఒక టమాటా కోసింది. కత్తి జారలేదు. "సరే, కూర్చుని నెమ్మదిగా కోసుకో," అని నాన్న కూడా ఒప్పుకున్నాడు. తూనీగ గాల్లో తేలిపోయింది.

కానీ మర్నాడు కూడా నానమ్మ కిటికీ దగ్గరే ఉంది.

"కోయవా, నానమ్మా?"

"అంత మంచి కత్తి రోజూ వాడితే అరిగిపోదూ? దాచుకుంటానే."

నాలుగు రోజులు ఇదే మాట. నాన్న ఇటుకలు పళ్ళెంలోకి వస్తూనే ఉన్నాయి. ఈలోగా నాన్న సాక్సు ఒకటి మాయమైంది. "ఈ ఇంట్లో ఒంటికాలి దొంగ ఎవరో ఉన్నారు," అని గొణుక్కుంటూ, ఒక కాలికి నలుపు, ఒక కాలికి నీలం వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

శనివారం మధ్యాహ్నం తూనీగ మంచినీళ్ళ కోసం పరుగెత్తుకొచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

నానమ్మ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా క్యారెట్లు. చేతిలో కొత్త కత్తి. దాని పిడికి నాన్న నల్ల సాక్సు తొడిగి ఉంది.

నానమ్మ మూడు ముక్కలు కోసింది. కత్తి కింద పెట్టి కీళ్ళు రుద్దుకుంది. మళ్ళీ అందుకుంది. "కోయవే, పిల్ల బాధపడుతుంది," అని తన చేతికే చిన్నగా చెప్పుకుంది.

లోపలికి వెళ్ళాలో, అటునుంచి అటే పారిపోవాలో తూనీగకి తెలియలేదు. ఏదీ చేయలేదు. మొదటిసారి ఆమె కాళ్ళు ఒక్కచోట నిలిచాయి. అలాగే నిలబడి నానమ్మ చేతిని చూసింది. నాలుగు క్యారెట్లు అయ్యేదాకా చూసింది.

తర్వాత దాహం సంగతి మర్చిపోయి షెడ్డుకి వెళ్ళింది.

"అమ్మా, ఆ రోజు నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

గ్రైండరు ఆగింది. అమ్మ కళ్ళద్దాలు తీసి ఆమె వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం కంటే బాధే ఎక్కువ కనబడింది. కోప్పడినా బాగుండేదనిపించింది తూనీగకి.

"నీ మాట మీద మూడు రోజులు పని చేశాను," అంది అమ్మ.

"తెలుసు."

"మరి ఇప్పుడు చూశావా?"

"చూశాను. నిజంగా. నానమ్మ పిడి పట్టుకోదమ్మా. బొటనవేలు, చూపుడువేలు కలిపి బ్లేడు మొదట్లోనే పట్టుకుంటుంది. చివరి రెండు వేళ్ళు అసలు ముడుచుకోవు. అరచేత్తో పైనుంచి నొక్కుతుంది. గుంటల మధ్య గట్లన్నీ కీళ్ళకే గుచ్చుకుంటున్నాయి. సాక్సు ఉంటే కాస్త నయం, అంతే."

"సాక్సా?"

"నాన్నది."

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. తూనీగని దగ్గరికి లాక్కుని, తల మీద చెయ్యి వేసింది. "బ్లేడు బాగానే ఉంది. పిడి మాత్రం నీ చేతిది. దాన్ని ఊడదీసి నానమ్మ చేతిది చేద్దాం," అని ఒక ఖాళీ కార్డు ముందు పెట్టింది.

తూనీగ పెన్సిలు ముట్టుకోలేదు. తన నడుము దాకా వచ్చే స్టూలుని రెండు చేతులతో ఎత్తుకుంది. "ముందు ఇంకోసారి చూసొస్తాను," అంది.

స్టూలు చప్పుడుకి నానమ్మ ఉలిక్కిపడి సాక్సు లాగేయబోయింది.

"దాచకు నానమ్మా. నొప్పి పెడుతోందని నాకెందుకు చెప్పలేదు?"

"అంత ముచ్చటపడి గీశావు, ఎలా చెప్పనే?"

"నేనే నిన్ను అడగలేదు. చూడకుండానే గీసేశాను. ఎక్కడ నొప్పో ఇప్పుడు చెప్పు."

నానమ్మ కాసేపు చెయ్యి ఒళ్ళోనే ఉంచుకుంది. తర్వాత చాచి, ఒక్కొక్క వేలూ చూపించింది. తూనీగ ఒక ఉల్లిపాయ తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఇద్దరూ పది నిమిషాలు చక్కగా ఏడ్చారు.

కొత్త పిడికి గుంటల్లేవు. పొట్టిగా, లావుగా, అరచెయ్యి ఆనుకునేలా గుండ్రంగా ఉంది. వేలు ఆనే చోట బ్లేడు పదును లేని పై అంచుని అమ్మ నున్నగా అరగదీసింది. మొదటిసారి కుదరలేదు. "ఇక్కడ ఇంకా లావుగా ఉందే," అని నానమ్మ ఈసారి మొహమాటం లేకుండా చెప్పింది. తూనీగ మళ్ళీ రుద్దింది. మూడోసారికి కుదిరింది. బొమ్మ వద్దని తూనీగ అంది కానీ నానమ్మ ఊరుకోలేదు. వేళ్ళు తగలని చోట చిన్నది చెక్కించుకుంది.

ఆ పై వారం ఆదివారం పొద్దున్న వంటింట్లో టకటకమని చప్పుడు మొదలైంది. నాన్న ఆదరాబాదరా వచ్చి, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ముక్కలన్నీ ఒకే సైజులో పక్కకి వాలుతున్నాయి.

"ఏరా, అలా చూస్తూ నిలబడితే కూర ఉడుకుతుందా? పొయ్యి వెలిగించు," అంది నానమ్మ. "నీ సాక్సు ఉతికి తీగ మీద ఆరేశాను, తీసుకో."

నాన్న గబగబా పొయ్యి వెలిగించాడు.

తూనీగ స్టూలు మీద కూర్చుని గడ్డం బల్లకి ఆనించింది. వీధిలో పిల్లలు అప్పటికే రెండుసార్లు పిలిచారు.

"కత్తి కుదిరిందిగా. ఇంకేం చూస్తావే, వెళ్ళి ఆడుకో," అంది నానమ్మ.

"వెళ్తాను," అంది తూనీగ, కదలకుండా. "ఇంకొక్క క్యారెట్ చూసి వెళ్తాను."