రెండు ఎడమ చేతుల కోటు

పొద్దున టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే టీవీలో జట్టు పేర్లు చదివారు. దేశం తరఫున ఆడబోయేవాళ్ల పేర్లు. పెద్ద మాస్టరు చివరి పేరు దాకా విన్నాడు. పాత వికెట్ కీపర్ పేరు రాలేదు.

"తీసేశారు," అన్నాడు.

కుట్టు మిషన్ ముందున్న తమ్ముడు తల ఎత్తలేదు. ఆయన్ని వీధిలో అందరూ చిన్న మాస్టరు అంటారు.

"క్యాచ్‌లు వదుల్తున్నాడు కదన్నయ్యా."

"వదిలితే తీసెయ్యనీ. నేను కాదన్నానా? ముందు ఆ మనిషికి చెప్పాలా లేదా? పాపం, ఇంట్లో కూర్చుని టీవీలో చూసి తెలుసుకున్నాడట, కింద స్క్రోలింగ్‌లో వేస్తున్నారు. ఒక్క ఫోన్ చేస్తే ఈ సెలెక్టర్ల నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"పోయిన నెల విశ్రాంతి అని కూర్చోబెట్టారు చూడు, నాకప్పుడే అనుమానం."

"విశ్రాంతీ లేదు, వంకాయా లేదు. మొహం మీద చెప్పే దమ్ము లేక."

వంటింట్లోంచి పెద్ద మాస్టరు భార్య అంది. "ఇంకొంచెం గట్టిగా అరవండి. వీధి చివరిదాకానే వినపడింది."

ఆ ఇంటి ముందుగదే వాళ్ల దర్జీ కొట్టు. పెద్ద మాస్టరు కొలతలు తీస్తాడు, కుడతాడు. కటింగ్ చిన్న మాస్టరుది. పెళ్లాం పోయినప్పట్నుంచీ ఆయన అన్న ఇంట్లోనే ఉంటున్నాడు. పెద్ద కత్తెర ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు.

కొన్ని వారాలుగా ఆ కత్తెర కనపడటం లేదు. సాన పెట్టడానికి ఇచ్చానన్నాడు అన్న. "కోట్లు కూడా రావట్లేదురా. గుండీలు కుట్టుకుంటూ కాస్త విశ్రాంతి తీసుకో," అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. గుండీలు కుడుతున్నాడు.

కోట్లు వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం తమ్ముడు షికారుకి వెళ్లగానే పెద్ద మాస్టరు కూతురు చిట్టి వెనకగదిలో వాటిని కటింగ్ చేసేది. కత్తెరా అక్కడే ఉంది.

కారణం బస్సు డ్రైవరు కోటు. నల్ల గుడ్డ. చిన్న మాస్టరు రెండు చేతులూ ఎడమవైపువే కోశాడు. ఆయన బయటికెళ్లాక అన్న చూశాడు. చెప్పబోతే నోరు రాలేదు. అదే గుడ్డ మళ్లీ తెచ్చి చిట్టి చేత కోయించాడు. పాడైన చేతుల్ని పెట్టె అడుగున తోశాడు.

ఆ డ్రైవరే ఈ పొద్దున కోటు కోసం వచ్చాడు. పెద్ద మాస్టరు పెరట్లో ఉన్నాడు. చిన్న మాస్టరు లేచి, కొక్కేనికి ఉన్న కోటు తీసి తొడిగించాడు. ఆయన వేలు చంక దగ్గరికి వెళ్లి ఆగింది.

"ఇది నా కటింగ్ కాదే," అన్నాడు.

"మీది కాకపోతేనేం మాస్టారూ? చిట్టి మీ పేరు నిలబెట్టింది. ఈమధ్య కటింగంతా అమ్మాయేనటగా? మా డిపోలో అందరూ అదే మాట."

చిన్న మాస్టరు కోటు గుండీలన్నీ పెట్టాడు. భుజం మీద దారప్పోగు తీసేశాడు. "బాగుంది. వెళ్లిరండి," అన్నాడు.

పెద్ద మాస్టరు లోపలికొచ్చేసరికి తమ్ముడు మిషన్ ఆపి కూర్చున్నాడు.

"డ్రైవరు కోటు చంకలో వేలు పెట్టగానే తెలిసింది, అది నా కటింగ్ కాదు. కత్తెర సానకి ఎక్కడిచ్చావన్నయ్యా?"

అన్న తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"పొద్దున ఎవర్ని తిట్టావు?"

"సెలెక్టర్లని."

"ఎందుకు తిట్టావు?"

అన్న చూపు ఖాళీ కొక్కేనికి వెళ్లింది.

"ఆ కీపర్‌కి టీవీ అయినా చెప్పింది. నాకు బస్సు డ్రైవరు చెప్పాడు." చిన్న మాస్టరు మెడలో టేపు తీసి చుట్టాడు. బల్ల మీద పెట్టాడు. "నేను పోతాను. గుండీలు కుట్టుకు బతకడానికి ఈ ఇల్లే అక్కర్లేదు."

వదిన పరుగున వచ్చింది. "ఎక్కడికి పోతావయ్యా? కూర్చో ముందు." మొగుడి వైపు తిరిగింది. "చెప్పండి. ఇప్పుడైనా చెప్పండి. మాటలన్నీ టీవీకేనా?"

పెద్ద మాస్టరు పెట్టె తెరిచాడు. రెండు నల్ల గుడ్డముక్కలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

చిన్న మాస్టరు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

"రెండూ ఎడమే."

"రెండూ ఎడమే."

"నేనేనా?"

"నువ్వే. నీ కళ్లు ఆనట్లేదురా. నల్ల గుడ్డకి పైవైపేదో లోపలివైపేదో నీకు తెలియట్లేదు. ఇంక కటింగ్ నీ వల్ల కాదు."

టీవీతో తప్ప పెద్ద మాస్టరు అన్ని మాటలు ఎవరితోనూ కలిపి మాట్లాడి ఎరగడు. తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది."

"ఏడుస్తావని."

"ఇప్పుడు ఏడవట్లేదా? అప్పుడైతే మనిద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు బస్సు డిపో అంతా ఉంది."

అన్న తల వంచుకున్నాడు. "తప్పైపోయిందిరా," అన్నాడు.

వెనకగది గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది. చేతిలో కత్తెర. "నేను చెప్తానన్నాను బాబాయ్. నాన్నే వద్దన్నారు. దొంగతనం చేస్తున్నట్టే ఉండేది నాకు."

చిన్న మాస్టరు ఆ గుడ్డముక్కలు మడత పెట్టాడు. "రెండు చేతులూ ఎడమే ఉన్నవాడెవడైనా దొరికితే చెప్పవే. ఊరికే కుట్టిద్దాం."

చిట్టి నవ్వబోయి ఏడ్చేసింది.

పెద్ద మాస్టరు కూతురి చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"జట్టులోకి కొత్తవాడొస్తే టోపీ ఎవరిస్తారు?"

"పాత ఆటగాడు."

"మరి కానియ్."

చిన్న మాస్టరు కత్తెర ఒకసారి తెరిచి మూశాడు. ఆ చప్పుడు విన్నాడు. గుడ్డతో తుడిచాడు.

"మరి నేనేం చెయ్యాలన్నయ్యా?"

"తొడిగించి చూసే పని నీది. చంకలో వేలు పెట్టగానే కనిపెట్టావుగా. కళ్లు పోయాయి గానీ వేళ్లు పోలేదు నీకు."

తమ్ముడు లేచాడు. బల్ల మీది టేపు తీసి మళ్లీ మెడలో వేసుకున్నాడు. కత్తెర పిడి చిట్టి వైపు తిప్పాడు.

"నల్ల గుడ్డయితే కిటికీ దగ్గరే కొయ్యి. వెలుతురు లేనప్పుడు కొయ్యకు. నేనలాగే కోశాను."

చిట్టి రెండు చేతులా అందుకుంది.

టీవీలో సెలెక్టరు ఒకాయన ఇంకా ఏదో చెప్పుకుంటున్నాడు. పెద్ద మాస్టరు వెళ్లి కట్టేశాడు. ఈసారి తిట్టలేదు.