బంగారు గీత గీసిన ఏడో నంబర్

గీతల తాతను చంపినవాళ్ళు ఆయన బ్రష్షును శుభ్రంగా కడిగి పెట్టి మరీ పోయారు.

"మర్యాదస్తులే," అన్నాడు చీఫ్, శవం మీద గుడ్డ సర్దుతూ.

నత్త నవ్వలేదు. దేనికీ తొందరపడడు కనుక నిఘా డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ నత్త అనే పిలుస్తారు. మోటార్ సైకిల్ ఫ్యాక్టరీలోని ఈ పెయింటింగ్ గది అతనికి కొత్త కాదు. అతని సొంత బండి కూడా ఇక్కడిదే. మూడొందల యాభై సీసీ, ఒకటే సిలిండర్. ఆఫీసుకైనా, గతుకుల దారికైనా, కొండ మీదికైనా అదే బండి. కుట్టిన తోలు సీటు, అద్దంలా మెరిసే క్రోము, ట్యాంకుకు రెండు పక్కలా తాత చేత్తో గీసిన బంగారు గీత. ఆ గీత కోసమే జనం ఆర్నెల్లు ఆగి మరీ కొనుక్కునేవారు. పాపం, ముసలాయన ఈగకైనా హాని చేసినవాడు కాదు.

"సార్, తాత బ్రష్ ఎప్పుడూ కడగడు. నూనెలో ముంచి పెడతాడు. ఎవరైనా కడిగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు."

"అయితే?"

"చంపినవాళ్ళు ఆ తర్వాత దీంతో ఒక గీత గీశారు."

చీఫ్ వాచీ చూసుకున్నాడు. పదీ పది.

"పొద్దున దొరికిన ముఠావాడు చెప్పింది దీనికి సరిపోతోంది. పదకొండింటికి విదేశీ అతిథి కాన్వాయ్. కారు ముందు ఈ ఫ్యాక్టరీ బళ్ళు పది, తోలేది మన పోలీసులే. ఒకదాని ట్యాంకు మార్చారట. స్పీడు యాభై దాటిందా, ఢామ్! ఊళ్ళో నలభైలోనే పోతారు. వంతెన ఎక్కితే అరవై. ఏ బండో చెప్పేలోపే వాడు పోయాడు. కాస్త మెల్లగా అడగండ్రా అంటే వింటారా మనవాళ్ళు!"

"కాన్వాయ్ ఆపేద్దాం సార్."

"ఆపితే ఇక్కడ దూరిన ముఠా మనిషి మాయమైపోతాడు. అతిథి కారును బాగా వెనక నడిపిస్తాలే. పేలితే ఒక్క రైడర్ పోతాడు, అంతేగా?"

"ఆ పదిమందిలో నా తమ్ముడున్నాడు."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచా. ఈ ఒక్కసారైనా తొందరపడతావని."

పదిన్నరకు నత్త మురికి ఓవరాల్ తొడుక్కుని, మీసం అతికించుకుని, పాలిష్ గుడ్డతో ఫ్యాక్టరీ యార్డులో ఉన్నాడు. పది బళ్ళూ ఒకే పోలిక. ముందు మడ్‌గార్డు మీద అయస్కాంతంతో అంటించిన నంబర్లే తేడా. కంపెనీ పబ్లిసిటీ మేనేజర్ హై హీల్స్ టకటకలాడించుకుంటూ వచ్చింది. డిపార్ట్‌మెంటు ఫైళ్ళలో ఆమె పేరు నెమలి. ముఠాలో మనం నాటిన మనిషి. అందగత్తె, ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

"ఈ బండికి ఏ దారి మంచిది?" అన్నాడు నత్త. కోడ్ అది.

"దారి లేకపోయినా పోతుంది," అని, పెదవులు కదపకుండా, "ఏడో నంబర్. ఇంకెవరికీ చెప్పకు," అంది.

సెంటు వాసన కింద సన్నగా, బ్రష్‌లు కడిగే థిన్నర్ వాసన తగిలింది.

నత్త ఒక్కో ట్యాంకూ తుడుస్తూ పోయాడు. తాత ఎప్పుడూ సీటు దగ్గర బ్రష్ ఆనించి హ్యాండిల్ వైపు లాగేవాడు. రంగు నిండుగా ఉన్న మొదట్లో గీత లావు, చివర వెంట్రుకంత సన్నం. ఒకటి, రెండు, మూడు, అన్నీ అంతే. ఏడు కూడా నిక్షేపంలా తాత గీతే. నాలుగు మాత్రం తిరగబడి ఉంది, హ్యాండిల్ దగ్గర లావు.

నాలుగు తమ్ముడి బండి. మనం నాటిన మొక్క వాళ్ళ దొడ్లో కాయలు కాస్తోందన్నమాట!

ఆమె ఫోటోగ్రాఫర్లతో ఇకిలిస్తుండగా నాలుగు, ఏడు నంబర్లు మార్చేశాడు. కొత్త ఏడును తోసుకెళ్ళి వెనక గేటు దగ్గర నిలబెట్టి, తాళంచెవి దానికే వదిలేశాడు.

"ఏడు పక్కన పెట్టించా మేడమ్. బాంబు టీమ్ పన్నెండుకొస్తుంది."

"శభాష్," అంది నెమలి, చక్కగా నవ్వి.

పదకొండుకు రెండు నిమిషాలుందనగా రైడర్లు బళ్ళు స్టార్ట్ చేశారు. తమ్ముడు ఇంజిన్‌కు చెవి ఒగ్గి విన్నాడు. కాన్వాయ్ ఆఫీసరు వైపు తిరిగి ముఖం చిట్లించాడు.

"సార్, ఇది నా బండి కాదు! నెల్లాళ్ళు తోలాను, దీని దడదడ నాకు తెలీదా? నంబర్లు మారాయి. ఈ తొమ్మిదిలో నాది లేదు. అదిగో, గేటు దగ్గరుంది. తెచ్చేసుకుంటా." బండి దిగనే దిగాడు.

నెమలి తల ఇటు తిరుగుతోంది. బాంబు అని అరిస్తే తమ్ముడు బతుకుతాడు, ఆమె జారిపోతుంది. నోరు మూసుకుంటే వాడు పోయి ఆ బండే ఎక్కుతాడు. నత్త జీవితంలో మొదటిసారి పరుగెత్తాడు. తూలినట్టు తమ్ముడి మీద పడి, స్పిరిట్‌తో తడిసిన గుడ్డను వాడి కాలరుకు అదిమేశాడు.

"సార్, ఈయన తాగొచ్చాడు! ముక్కు పగిలిపోతోంది!"

తమ్ముడు ఆ కళ్ళలోకి చూశాడు. మీసం అడ్డమొచ్చినా అన్న కళ్ళు గుర్తుపట్టాడు.

ఆఫీసరు వాసన చూశాడు. "సిగ్గులేదురా? ఇవాళే దొరికిందా నీకు?" అంటూ అందరి ముందూ భుజం మీది బ్యాడ్జీ పీకి నేలకేసి కొట్టాడు. నత్త కాళ్ళ దగ్గరే పడింది. బండి లేక మిగిలిన ఏడో నంబర్ రైడర్ ఎక్కి కూర్చున్నాడు. నెమలి పకపకా నవ్వింది. కాన్వాయ్ కదిలింది.

వంతెన మీద బాంబు పేలి ఊరు గోలెత్తేలోపు ఆమె జారుకోవాలి. వెనక గేటు దగ్గర ఏడో నంబర్, తాళంచెవితో సహా సిద్ధంగా ఉంది. తాను ఉత్తుత్తినే చూపించిన బండి, ఆమె లెక్కలో ఏ పాపం ఎరగనిది. ఎక్కి కూర్చుంది.

నత్త తన బండి మీద వెనకపడ్డాడు. బజారులో ముప్పై. రైల్వే గేటు దాకా నలభై. ఊరు దాటి ఇటుక బట్టీల పక్క ఖాళీ రోడ్డు వచ్చేసరికి ఆమె వెనక్కి తిరిగి చూసింది. నత్తని గుర్తుపట్టి, చెయ్యి ఊపి వెక్కిరించింది. నలభై అయిదు. నత్త రోడ్డు వారగా బండి ఆపేశాడు. హారన్ ఒక్కసారి కొట్టి ఉండొచ్చు. తాత గుర్తొచ్చాడు. కొట్టలేదు.

యాక్సిలరేటర్ తిప్పుతూ ఆమె ఒక్కసారి కిందికి చూసింది. ట్యాంకు మీద, హ్యాండిల్ దగ్గర లావుగా, తన చేతి గీత. వెనక ఎర్ర లైటు వెలిగింది, బ్రేకు పట్టినట్టే ఉంది. అప్పటికే ఆలస్యమైంది.

ఇటుకల దుమ్ము సర్దుకోకముందే ఫోన్ మోగింది. "వంతెన దాటేశారు, అంతా క్షేమం. ఆమెను ప్రాణాలతో పట్టుకొస్తావనుకున్నానే?" అన్నాడు చీఫ్.

"ఓవర్ స్పీడ్ సార్."

"సరేలే. ఫైలుకు ముప్పై ఏళ్ళు సీలు. ఇంట్లోవాళ్ళకి కూడా నోరు విప్పకు."

సాయంత్రం నత్త ఇంటికి వెళ్ళాడు. యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, కాలరు దగ్గర మరీ గట్టిగా రుద్దినట్టు తెల్లబడి ఉంది. తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"అమ్మ మీద ఒట్టేసి చెప్పన్నయ్యా. నా దగ్గర వాసనొచ్చిందా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటోంది.

నత్త జేబులో ఆ బ్యాడ్జీ ఉంది. దాన్ని పిడికిట్లో నొక్కి పట్టుకున్నాడు.

"వచ్చింది రా," అన్నాడు.

తలుపు మూసుకుంది. సీలు విప్పడానికి ఇంకా ముప్పై ఏళ్ళే ఉంది, నత్తకు తొందరేముంది!