బీరువాలో రౌటర్

మూడో ఏజెంట్ శవం మార్చురీకి చేరిన అరగంటకే బావకు చీఫ్ నుంచి పిలుపొచ్చింది. బావ అతని పేరు కాదు. భార్య తమ్ముణ్ణి తెచ్చి సీక్రెట్ సర్వీసులో చేర్పించిన పాపానికి డిపార్ట్‌మెంట్ అంతా అతన్ని అలాగే పిలుస్తుంది.

చీఫ్ ఫైలు కూడా తెరవలేదు. విదేశీ ముఠాలోకి మనవాళ్ళు నలుగురు దూరారు, ముగ్గురు పోయారు. ఆ నలుగురూ ఎవరో చీఫ్‌కు కాక తెలిసింది నెమలి అనే ఏజెంటుకు ఒక్కదానికే. ప్రతి హత్యకు ముందూ తన ఇంట్లో ఇంటర్నెట్ పడిపోయిందనీ, అందుకే హెచ్చరిక పంపలేకపోయాననీ ఆమె చెబుతోంది. టవర్ సిగ్నల్ మీద నడిచే సిమ్ రౌటర్ అది. నిజంగా పాడైతే బాగుచేసి రావాలి.

"నాటకమైతే ఆమె మళ్ళీ నోరు విప్పకూడదు," అన్నాడు చీఫ్. "నాలుగోవాడు నీ బావమరిది."

బావ వెంటనే లేచాడు.

మధ్యాహ్నానికి ఇంటర్నెట్ కంపెనీ యూనిఫాంలో ఆమె ఫ్లాట్‌కు వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒళ్ళంతా తడిమాడు కాబట్టి ఆయుధమంటే స్క్రూడ్రైవరే. చేతిలోని సిగ్నల్ మీటరులో మైకు ఉంది. ఎదురుగా సెల్ టవర్ మీద, మెకానిక్ హెల్మెట్‌లో కూర్చున్న పార్ట్‌నర్ దగ్గర రైఫిలుంది. 'ఫుల్' అన్న మాట వినబడితే కాల్చాలి.

నల్ల సిల్కు గౌనులో నెమలి అందంగానే ఉంది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులోంచి తియ్యలేదు. పొద్దున స్పీడు బాగుంటుంది, మధ్యాహ్నం చచ్చిపోతుంది అని విసుక్కుంది. రౌటర్ ఎక్కడని అడిగితే బీరువా చూపించింది. తలుపు సందులోంచి వైరు వేలాడుతోంది.

"దుమ్ము పడుతుందని లోపల పెట్టానండీ."

కిటికీ గట్టు మీద దుమ్ము దట్టంగా ఉంది. దాని మధ్యలో రౌటరంత మేర మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంది. కాలింగ్ బెల్ మోగేదాకా రౌటర్ అక్కడే ఉందన్నమాట. ఇనప బీరువాలో సిగ్నల్ దాదాపు ఆగిపోతుందని ఈ మహాతల్లికి బాగా తెలుసు.

సగం మూసిన లాప్‌టాప్‌లో బావమరిది ఫోటో కనబడింది. దాని కింద అప్‌లోడ్ డెబ్బై ఒక శాతం దగ్గర నత్తనడక నడుస్తోంది.

రౌటర్ని కిటికీకి తెస్తే స్పీడు పెరిగి ఫైలు ముఠాకు వెళ్ళిపోతుంది. తేకపోతే ఆమె తూటాకు దొరకదు. బ్యాగులో పిస్టలుండగా వైరు పీకడానికి వీల్లేదు. బావ తెగించాడు.

"మేడమ్, రౌటర్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీలో నిలబడండి. ఎన్ని గీతలొచ్చాయో చెబుతుండండి. నేను మీటర్ చూస్తాను."

స్పీడు ఆమెకూ కావాలి. బ్యాగు సోఫాలో పెట్టింది.

"రెండు."

ఎనభై నాలుగు శాతం.

"కొంచెం ఎడమకు జరపండి."

"మూడు."

తొంభై రెండు.

"ఇంకాస్త ఎత్తండి."

"నాలుగు..." తొంభై ఎనిమిది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. "మీరే నయమండీ. ఫుల్ వచ్చేసింది."

కిటికీ అద్దం పగిలింది. ఆమెతోపాటు రౌటరూ కిందపడి, వైరు ఊడి ఆరిపోయింది. అప్‌లోడ్ తొంభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. బావకు జాలి కలగలేదు. మీటర్ తుడిచి సంచీలో వేసుకున్నాడు.

మర్నాటికల్లా బావమరిదిని ముఠాలోంచి బయటికి లాగేశారు. ఇల్లు చేరగానే వాడు ఫోన్ చేశాడు.

"బావా, మా ఇంట్లో నెట్ ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది. ఏం చెయ్యమంటావ్?"

"రౌటర్ కిటికీలో పెట్టరా," అన్నాడు బావ. "నువ్వు మాత్రం అక్కడ నిలబడకు."